కొలత కుదిరితేనే మందు లెక్క

గుండె కొట్టిన ప్రతిసారీ రక్తం ధమనుల గోడల మీద వేసే ఒత్తిడినే రక్తపోటు అంటారు. గుండె ముడుచుకున్నప్పుడు ఆ ఒత్తిడి పైకి లేస్తుంది, సడలినప్పుడు కిందికి దిగుతుంది. ఆ రెండింటినీ పాదరసం మిల్లీమీటర్లలో రాస్తారు. జనం పై అంకె, కింది అంకె అనేవి అవే. ఆసుపత్రిలో వేర్వేరు రోజుల్లో చూసినా 140/90 లేదా అంతకు మించి వస్తుంటే అధిక రక్తపోటు ఉందని మన దేశంలో వైద్యులు నిర్ధారిస్తారు. ఈ అంకె ఎత్తులాగా, రక్తం గ్రూపులాగా మనిషికి అంటిపెట్టుకుని ఉండేది కాదు. నిద్రలో తగ్గుతుంది, తెల్లవారేసరికి పెరుగుతుంది. మెట్లెక్కినా, మాట పెరిగినా, మూత్రం ఆపుకున్నా, చుట్ట కాల్చినా మారుతుంది. ఒకే మనిషికి ఒకే పూట పదేసి మిల్లీమీటర్ల తేడా రావడం మామూలే.

నెల్లూరు తీరంలో, స్వర్ణముఖి సముద్రంలో కలిసే దాపున ఉన్న కోట ప్రాంతానికి బీపీ కొత్త మాటేమీ కాదు. మధుమేహం, గుండెజబ్బులు, పక్షవాతం నివారణకు కేంద్ర ప్రభుత్వం 2008 జనవరిలో ప్రయోగాత్మక పథకం మొదలుపెట్టినప్పుడు ఆంధ్రప్రదేశ్ నుంచి ఎంచుకున్నది నెల్లూరు జిల్లానే. కోట అప్పటికి ఆ జిల్లాలోనే ఉంది. ఊరికి 104 బండి రావడం, బీపీ, షుగరు చూసి నెలకు సరిపడా బిళ్లలు ఇవ్వడం కూడా ఆ కాలం నుంచే అలవాటైంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 ఏళ్లు దాటిన ఆడవారిలో సుమారు 25 శాతం మందికి, మగవారిలో సుమారు 29 శాతం మందికి రక్తపోటు ఎక్కువగా ఉంది, లేదా వారు దానికి మందు వాడుతున్నారు. దేశం మొత్తం మీద చూస్తే ఆ లెక్క ఆడవారిలో 21, మగవారిలో 24 శాతం. మన రాష్ట్రం దేశం కంటే నాలుగైదు మెట్లు పైనే ఉందన్నమాట.

ఇంతమందికి బిళ్లలు రాసేటప్పుడు వైద్యుడికి ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. ఫలానా మనిషికి ఫలానా బిళ్ల ఎంత పనిచేస్తుందో ముందే చెప్పగలమా? దీని మీద ప్రపంచమంతటా పరిశోధనలు జరిగాయి, ఇప్పటికీ జరుగుతున్నాయి. వాటన్నిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే కొలత సంగతి తేలకుండా మందు సంగతి తేలదని అర్థమవుతుంది. ఒక మందుకూ మరో మందుకూ మధ్య తేడా నాలుగైదు మిల్లీమీటర్లు. అజాగ్రత్తగా కొలిస్తే వచ్చే తప్పు పది, ఒక్కోసారి ఇరవై. తక్కెడలోనే అంత పాసంగం ఉన్నప్పుడు ఏ సరుకు బరువెక్కువో తేల్చడం కుదరదు.

రక్తపోటును మొదట కొలిచింది మనిషికి కాదు, గుర్రానికి. ఇంగ్లండుకు చెందిన మతాచార్యుడు స్టీఫెన్ హేల్స్ గుర్రం ధమనిలోకి గొట్టం పెట్టి రక్తం ఎంత ఎత్తుకు లేచిందో చూశాడు. 1733లో దాన్ని అచ్చువేశాడు. మనుషులకు పనికొచ్చే పద్ధతి రావడానికి మరో 160 ఏళ్లు పట్టింది. 1896లో ఇటలీలోని ట్యూరిన్ నగరంలో స్కిపియోనె రివా రొచ్చి జబ్బకు గాలిపట్టీ చుట్టి, పాదరసం గొట్టానికి కలిపి, నాడి ఆగిపోయే ఒత్తిడిని గుర్తించాడు. అలా పై అంకె ఒక్కటే తెలిసేది. 1905లో రష్యా సైనిక వైద్యుడు నికొలాయ్ కొరొత్కోవ్ పట్టీకి కిందుగా, మోచేతి మడత దగ్గర స్టెతస్కోపు పెట్టి విన్నాడు. గాలి వదులుతూ పోతే మొదటి టకటక శబ్దం పై అంకె, శబ్దం మాయమైన చోటు కింది అంకె. నేటికీ చెవితో వినే పద్ధతికి ఇదే ఆధారం.

రివా రొచ్చి వాడిన పట్టీ సన్నది, 5 సెంటీమీటర్ల వెడల్పే. సన్నపట్టీతో ధమనిని నొక్కాలంటే ఎక్కువ గాలి కావాలి, అందువల్ల అంకె ఉన్నదానికంటే పెద్దదిగా వస్తుంది. 1901లోనే జర్మన్ వైద్యుడు ఫాన్ రెక్లింగ్‌హౌసెన్ ఈ లోపాన్ని పట్టుకుని వెడల్పాటి పట్టీ వాడాలన్నాడు. 120 ఏళ్లు దాటినా ఆ తప్పు పోలేదు. అమెరికాలో 2023లో ప్రచురితమైన ఒక పరీక్షలో పెద్ద పట్టీ కావలసిన వారికి మామూలు పట్టీ చుడితే పై అంకె సగటున 5 మిల్లీమీటర్లు ఎక్కువ చూపింది. మరీ పెద్ద పట్టీ కావలసిన వారికైతే దాదాపు 20 ఎక్కువ చూపింది. సన్నని చేతులకు మామూలు పట్టీ చుడితే ఇందుకు విరుద్ధంగా, మూడు నాలుగు తక్కువ చూపింది. మన ఊళ్లకు ఈ చివరి సంగతే ముఖ్యం. జీవితమంతా కయ్యల్లో, పడవల మీద కష్టపడి బక్కచిక్కిన ముసలివారి జబ్బకు ఆసుపత్రిలో ఉన్న ఒకే ఒక్క పట్టీ చుడతారు. అది వదులుగా ఉంటే ఉన్న బీపీ కూడా బయటపడదు. పట్టీలోని గాలిసంచి పొడవు జబ్బ చుట్టుకొలతలో 80 శాతం, వెడల్పు 40 శాతం ఉండాలన్నది నియమం. జబ్బ మధ్యలో టేపు పెట్టి కొలిస్తే ఏ సైజు కావాలో తెలిసిపోతుంది. అయితే రెండు మూడు సైజుల పట్టీలు పెట్టుకునే చోట్లు తక్కువ.

ఆ తర్వాత చెప్పుకోవలసింది చెయ్యి ఉండే చోటు. పట్టీ గుండె ఎత్తులో ఉండాలి, చేతికి కింద ఆనుడు ఉండాలి. 2024లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు ఒకే మనుషులకు మూడు విధాలుగా కొలిచారు. చెయ్యి బల్ల మీద ఆనించినప్పటి కంటే ఒళ్లో పెట్టుకుంటే పై అంకె 4 మిల్లీమీటర్లు, పక్కకు వేలాడేస్తే 6 మిల్లీమీటర్లకు పైగా ఎక్కువ వచ్చింది. శిబిరాల్లో వరుసగా కుర్చీలు వేసి, బల్ల లేకుండా, చెయ్యి చాపమని కొలిచే పద్ధతికి ఈ తేడా తప్పదు. దానికి తోడు నిలబడి వచ్చిన మనిషిని కూర్చోబెట్టీ పెట్టక ముందే పట్టీ చుట్టేస్తారు. అయిదు నిమిషాలు కుదురుగా కూర్చోవాలి. వీపు కుర్చీకి ఆనాలి, పాదాలు నేలకు తగలాలి, కాలు మీద కాలు వేసుకోకూడదు. అంతకుముందు అరగంటలో టీ, కాఫీ, బీడీ ఉండకూడదు. కొలిచేటప్పుడు మాట్లాడకూడదు. కొలిచేవారూ ఊరి కబుర్లు అడగకూడదు. బిగుతు చేతుల రవికెను, చొక్కాను పైకి లాగి పట్టీ చుడితే ఆ బట్టే జబ్బను బిగిస్తుంది. పలుచని బట్ట మీదుగా చుట్టడం అంతకంటే నయం, అసలు బట్ట లేకపోవడం మరీ మేలు.

మొదటిసారి వచ్చినవారికి రెండు చేతులకూ చూడాలి. రెండింటి మధ్య 10 మిల్లీమీటర్లకు మించిన తేడా ఎప్పుడూ కనిపిస్తుంటే ఏదో ఒక వైపు ధమని సన్నబడి ఉండవచ్చు. ఆ తర్వాత ఎప్పుడు కొలిచినా ఎక్కువ వచ్చిన చేతినే కొలవాలి. ఒకసారి కుడి, ఒకసారి ఎడమ అయితే మందు పనిచేసినట్టో, చేయనట్టో లేనిపోని భ్రమ కలుగుతుంది. ఒక నిమిషం తేడాతో రెండుసార్లు చూసి సగటు తీయాలి. మొదటి అంకె చాలామందిలో కాస్త ఎక్కువే వస్తుంది. పెద్దవయసు వారికి నిలబెట్టి కూడా చూడాలి. లేచి నిలబడిన మూడు నిమిషాల్లో పై అంకె 20 పడిపోతే తూలి పడే ప్రమాదం ఉంది. బిళ్లలు పెంచే ముందు ఇది తెలియాలి.

పాదరసం యంత్రాలు క్రమంగా కనుమరుగవుతున్నాయి. పాదరసం విషం కనుక వాడకం మానాలని 2013లో మినమాటా ఒప్పందం కుదిరింది. భారతదేశం 2018లో దాన్ని ఆమోదించింది. వాటి చోట గడియారంలా ముల్లు తిరిగే యంత్రాలు, బ్యాటరీతో నడిచే డిజిటల్ యంత్రాలు వచ్చాయి. ముల్లు యంత్రం కిందపడినా, ఏళ్ల తరబడి సరిచూడకపోయినా తప్పు చూపుతుంది, చూడటానికి మాత్రం బాగానే ఉంటుంది. డిజిటల్ యంత్రం శబ్దం వినదు. పట్టీలో గాలి అదిరే తీరును పట్టుకుని, కంపెనీ సొంత లెక్కతో పై, కింది అంకెలను అంచనా వేస్తుంది. అందుకే పరీక్షకు నిలిచిన మోడల్ కాకపోతే దాన్ని నమ్మలేం. గుండె లయ తప్పి కొట్టుకునేవారిలో మంచి యంత్రం కూడా తడబడుతుంది. చెవితో కొలిచేవారి పొరపాటు ఇంకో రకం. 140, 150, 160 అని సున్నాతో ముగిసే అంకెలే రిజిస్టర్ల నిండా కనిపిస్తే, కొలిచినవారు దగ్గరి పదికి సరిపెట్టేశారని అర్థం. 138ని 140 అని రాస్తే రోగి వైద్యం దారే మారుతుంది.

ఇవన్నీ సరిచేసినా ఒక చిక్కు మిగులుతుంది. తెల్లకోటును చూడగానే కొందరికి బీపీ పెరుగుతుంది. ఇంట్లో చూస్తే మామూలుగా ఉంటుంది. మరికొందరికి ఇందుకు భిన్నం, ఆసుపత్రిలో బాగుంటుంది, పనిలో ఉన్నప్పుడు, రాత్రివేళ ఎక్కువ ఉంటుంది. రెండో రకమే ప్రమాదకరం, ఎందుకంటే ఎవరూ పట్టించుకోరు. వీటిని పట్టుకునేందుకు రోజంతా జబ్బకు ఉండి, పగలు రాత్రి గడియగడియకూ కొలుచుకునే యంత్రం ఉంది. నెల్లూరు, తిరుపతి, చెన్నై లాంటి చోట్ల దొరుకుతుంది. 24 గంటల సగటు 130/80 దాటితే ఎక్కువున్నట్టే. ఇంట్లో కొలుచుకున్న సగటుకు హద్దు 135/85. స్పెయిన్‌లో మూడు రకాల మందులు వాడినా బీపీ లొంగడం లేదనుకున్న 8,295 మందికి రోజంతా కొలిచే యంత్రం పెట్టి చూశారు. 2011లో ప్రచురించిన ఆ లెక్కలో 37.5 శాతం మందికి అసలు లొంగని బీపీ లేదు, అది ఆసుపత్రిలో మాత్రమే పెరిగే బీపీ. మూడు మందులు సరిపోక నాలుగోది రాయాలనుకున్న చోట అసలు తేల్చుకోవలసింది కొలత.

ఇక మందు విషయం. భారతదేశానికి ఇందులో పాత వాటా ఉంది. సర్పగంధ వేరు రక్తపోటును తగ్గిస్తుందని 1931లో గణనాథ్ సేన్, కార్తిక్ బోస్ రాశారు. 1949లో ముంబయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ బ్రిటన్ పత్రికలో తన రోగుల అనుభవాన్ని ప్రచురించాక ప్రపంచం ఆ వేరు వైపు చూసింది. దానినుంచి తీసిన రిసర్పిన్ కొన్నేళ్లు ఏలింది. మనసు కుంగిపోయే దుష్ఫలితం వల్ల, మెరుగైన మందులు వచ్చినందువల్ల పక్కకు తప్పుకుంది. ఇప్పుడు వాడుకలో ఉన్నవి ప్రధానంగా ధమనులను వదులు చేసే ఆమ్లోడిపిన్ జాతి, మూత్రపిండాల నుంచి మొదలయ్యే ఒత్తిడి గొలుసును అడ్డుకునే ఎనలాప్రిల్, టెల్మిసార్టాన్ జాతులు, ఉప్పునూ నీటినీ మూత్రంలో పంపేసే క్లోర్తాలిడోన్, ఇండాపమైడ్ జాతి. గుండె వేగాన్ని తగ్గించే అటెనొలాల్ జాతిని నేడు గుండెజబ్బు లాంటి ప్రత్యేక కారణం ఉన్నప్పుడే ముందు వాడతారు.

ఏ మందు ఎంత దించుతుంది? 2025లో ఆస్ట్రేలియాకు చెందిన జార్జ్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు 484 పరీక్షల్లోని లక్షా నాలుగు వేల మంది వివరాలను కలిపి లెక్కగట్టారు. మామూలు మోతాదులో ఒక్క మందు పై అంకెను సగటున 8.7 మిల్లీమీటర్లు తగ్గించింది. అదే మందు మోతాదు రెట్టింపు చేస్తే అదనంగా దక్కేది ఒకటిన్నర మాత్రమే. రెండు రకాల మందులు కలిపితే దాదాపు 15 తగ్గింది. మొదలుపెట్టినప్పుడు బీపీ ఎంత ఎక్కువుంటే అంత ఎక్కువ దిగుతుంది. ఆరంభం 10 మిల్లీమీటర్లు తక్కువైతే ఫలితం 1.3 తగ్గుతుంది. ఈ లెక్కను బట్టి, 165 ఉన్న మనిషికి ఒక్క బిళ్ల రాసి 130కి రమ్మనడం అత్యాశ. ఆ బిళ్ల పనిచేయలేదని అనడం కూడా తప్పే, అది చేయగలిగినంత చేసింది. ముందుగా చెప్పగలిగినదాన్లో పెద్దభాగం ఈ కూడికలోనే ఉంది. మన ఊళ్లలో దీన్ని పట్టించుకోవడం తక్కువ, బిళ్ల మార్చడం ఎక్కువ.

ఒక జాతి మందు ఒకరికి, మరో జాతి మరొకరికి ఎక్కువ పనిచేస్తుందా అన్నది నిజంగా ఆసక్తికరమైన ప్రశ్న. మూత్రపిండాలు విడుదల చేసే రెనిన్ అనే పదార్థం వయసులో ఉన్నవారిలో ఎక్కువ, పెద్దవారిలో తక్కువ ఉంటుంది. రెనిన్ గొలుసును అడ్డుకునే ఎనలాప్రిల్ లాంటివి వయసువారిలో, ఆమ్లోడిపిన్, మూత్రం మందులు పెద్దవారిలో బాగా పనిచేస్తాయన్న సూత్రం బ్రిటన్‌లో 1999 నుంచి వాడుకలోకి వచ్చింది. మూడు మందులకూ లొంగని వారిపై 2015లో అక్కడే జరిగిన పరీక్షలో స్పైరొనోలాక్టోన్ అన్నిటికంటే బాగా పనిచేసింది. రెనిన్ తక్కువ ఉన్నవారిలో మరీ బాగా పనిచేసింది. ఇలాంటి సూచనలు ఉపయోగపడతాయి గానీ ఒక్కో మనిషి విషయంలో జోస్యంలా పనికిరావు.

దీన్ని అత్యంత ఓపికగా పరీక్షించింది స్వీడన్‌లోని ఉప్సాలా విశ్వవిద్యాలయం. 280 మందికి నాలుగు రకాల మందులను ఒకదాని తర్వాత ఒకటి ఇచ్చి, కొన్నిటిని మళ్లీ ఇచ్చి, ప్రతిసారీ రోజంతా కొలిచే యంత్రంతో చూశారు. ఒకే మందు మళ్లీ ఇచ్చినప్పుడు మళ్లీ అదే ఫలితం వస్తేనే అది ఆ మనిషి లక్షణమని చెప్పవచ్చు, లేకపోతే ఆ రోజు యాదృచ్ఛికం. 2023లో ఫలితం ప్రకటించారు. మనుషుల మధ్య తేడా నిజమేనని తేలింది. ఎవరికి ఏది ఎక్కువ నప్పుతుందో కచ్చితంగా తెలిసి ఇవ్వగలిగితే పై అంకె అదనంగా 4.4 మిల్లీమీటర్లు తగ్గుతుంది. అది చిన్నదేమీ కాదు, మోతాదు రెట్టింపు చేయడం కంటే ఎక్కువే. అయితే ఆ 4.4 కనిపించడానికి నెలల తరబడి మందులు మార్చి మార్చి, రోజంతా కొలవాలి. ఒళ్లో చెయ్యి పెట్టి ఒకసారి కొలిస్తే వచ్చే తప్పే 4 అయినప్పుడు, ఆ పద్ధతితో ఎవరికి ఏ మందు నప్పుతుందో తేల్చడం మాట ఎలా ఉన్నా, తప్పు నిర్ణయానికి రావడం మాత్రం ఖాయం.

మన దేశంలో జరిగిన టాప్‌స్పిన్ పరీక్ష ఇదే విషయాన్ని మరో వైపు నుంచి చూపింది. 32 ఆసుపత్రుల్లో 1,981 మందికి రెండేసి మందుల కలయిక మూడు విధాలుగా ఇచ్చారు. ఆమ్లోడిపిన్, పెరిండోప్రిల్ కొందరికి. పెరిండోప్రిల్, ఇండాపమైడ్ కొందరికి. ఆమ్లోడిపిన్, ఇండాపమైడ్ మిగిలినవారికి. ఆరు నెలల తర్వాత మూడూ సమానంగానే పనిచేశాయి. సుమారు 70 శాతం మంది 140/90 కిందికి వచ్చారు. భారతీయులకు ఫలానా జంటే ఎక్కువ నప్పుతుందన్న ఊహకు ఆధారం దొరకలేదు. అందులో మరో లెక్క ఇంకా ఆలోచింపజేస్తుంది. ఆసుపత్రిలో కొలిస్తే పై అంకె దాదాపు 30 తగ్గింది. రోజంతా కొలిస్తే తగ్గింది 14. అవే మందులు, వాళ్లే మనుషులు. మిగిలిన తేడా ఎక్కువగా కొలత నుంచి వచ్చింది. మొదటిసారి ఎక్కువ అంకె వచ్చింది కాబట్టే వారిని పరీక్షలో చేర్చారు. అలా ఎంచుకున్నవారికి మందు ఇవ్వకపోయినా తర్వాతిసారి కొంత తగ్గి తీరుతుంది. ఆసుపత్రికి అలవాటు పడే కొద్దీ తెల్లకోటు భయం కూడా తగ్గుతుంది. ఊళ్లో ఎవరైనా ఏదో ఆకుపసరుతో బీపీ 20 దిగిందని చెప్పినప్పుడు అనుమానించవలసింది కూడా ఇదే.

మందు బలాన్ని తినేసే సంగతులు ఈ తీరంలో ప్రత్యేకంగా ఉన్నాయి. మొదటిది ఉప్పు. ఆంధ్రప్రదేశ్‌లో 24 గంటల మూత్రం సేకరించి లెక్కిస్తే మనిషికి రోజుకు సుమారు తొమ్మిదిన్నర గ్రాముల ఉప్పు వాడకం తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు 5 గ్రాములు. ఊరగాయ, ఉప్పుచేప, ఎండురొయ్యలు, అప్పడం, మజ్జిగ మిరపకాయ ఒకే కంచంలో చేరే చోట ఆ హద్దు మధ్యాహ్నానికే దాటిపోతుంది. ఉప్పు ఎక్కువ తింటే ఎనలాప్రిల్, టెల్మిసార్టాన్ జాతి మందుల బలం తగ్గుతుంది. మూత్రం మందు జోడిస్తే కొంత తిరిగొస్తుంది. తెలంగాణలోని సిద్దిపేట జిల్లా గ్రామాల్లో అధిక రక్తపోటు ఉన్న 502 మందిలో సుమారు సగం మందికి మామూలు ఉప్పు బదులు 30 శాతం పొటాషియం క్లోరైడ్ కలిపిన ఉప్పు మూడు నెలలు ఇచ్చి చూశారు. 2021లో ప్రచురించిన ఫలితం ప్రకారం వారిలో పై అంకె మిగతావారి కంటే 4.6 మిల్లీమీటర్లు ఎక్కువ తగ్గింది. ఉప్సాలాలో ప్రతి మనిషికీ సరైన మందు వెతికితే వచ్చే లాభమూ ఇంచుమించు అంతే. ఇక్కడ దాన్ని వంటింటి ఉప్పుడబ్బా మార్చి సాధించారు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, పొటాషియం పెంచే మందులు వాడేవారు మాత్రం వైద్యుడిని అడగకుండా ఈ ఉప్పు ముట్టకూడదు.

రెండోది ఒళ్లునొప్పుల బిళ్ల. నాట్లు వేసి నడుము పట్టేసినవారు, వల లాగి భుజాలు పీకేవారు మందుల షాపులో డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ కొనుక్కుని మింగుతుంటారు. ఇవి ఉప్పునూ నీటినీ ఒంట్లో నిలిపేసి బీపీ పెంచుతాయి, బీపీ బిళ్లల పనికి అడ్డం పడతాయి, మూత్రపిండాలనూ దెబ్బతీయగలవు. ఆయాసానికో నొప్పులకో వాడే స్టెరాయిడ్ బిళ్లలూ అంతే. బీపీ తగ్గడం లేదని వచ్చిన మనిషిని వైద్యుడు ముందు అడగవలసినది ఇంకే బిళ్లలు మింగుతున్నావని. ఆ ప్రశ్న అడగకుండానే చీటీలో మరో మందు చేరుతుంటుంది. సారా అలవాటు, గురక పెట్టి ఊపిరి ఆగే నిద్రజబ్బు కూడా ఈ లెక్కలోనివే.

మూడోది రుతువు. ఎండాకాలంలో ధమనులు వదులై, చెమటతో ఉప్పు, నీరు పోయి బీపీ తగ్గుతుంది. చలికాలంలో పెరుగుతుంది. రోహిణీ కార్తెలో బీపీ 120 వచ్చిందని బిళ్ల మానేసిన మనిషి కార్తీక మాసంలో మళ్లీ ఎక్కువ కనిపిస్తే మందు వికటించిందనుకుంటాడు. ఎండల్లో కళ్లు తిరుగుతుంటే వైద్యుడు మోతాదు తగ్గించవచ్చు, అంతేగాని మానేయడం రోగి చేయవలసిన పని కాదు.

అన్నిటికంటే పెద్దది బిళ్ల వేసుకోకపోవడం. ఆమ్లోడిపిన్‌తో కాళ్లు వాచినా, ఎనలాప్రిల్‌తో పొడిదగ్గు పట్టుకున్నా చాలామంది చెప్పకుండా మానేస్తారు. దగ్గు వస్తే టెల్మిసార్టాన్‌కు మార్చవచ్చు. కాళ్లవాపుకు మోతాదు తగ్గించవచ్చు, లేదా దానికి టెల్మిసార్టాన్ జతచేయవచ్చు. ఏ పూట వేసుకోవాలన్నది పెద్ద విషయం కాదు. బ్రిటన్‌లో 21 వేల మందిపై జరిగి, 2022లో వెలువడిన పరీక్షలో ఉదయానికీ రాత్రికీ తేడా కనిపించలేదు. మరిచిపోకుండా ఉండే పూటే మంచి పూట. గర్భవతులకు ఎనలాప్రిల్, టెల్మిసార్టాన్ జాతులు ఇవ్వకూడదన్నది వేరే సంగతి. వారికి లబెటలాల్, నిఫెడిపిన్, మిథైల్‌డోపా ఉన్నాయి.

ఇన్ని తేడాలు ఉన్నా ప్రభుత్వ కార్యక్రమాలు ఒక్కొక్కరికీ ఒక్కో మందు వెతికే దారి పట్టలేదు. 2017 నవంబరులో తెలంగాణతో సహా అయిదు రాష్ట్రాల్లో మొదలైన భారత రక్తపోటు నియంత్రణ కార్యక్రమం అందరికీ ఒకే నిచ్చెన వేసింది. మొదటి మెట్టులో ఒక మందు, తగ్గకపోతే రెండోది, ఆపై మూడోది. మందు ఎప్పుడూ నిల్వ ఉండాలి, ప్రతి రోగి పేరునా లెక్క ఉండాలి. చూడటానికి మొరటుగా ఉన్నా, కోట లాంటి మండలాలకు ఇదే సరైన దారి. శ్రీలంకలో 700 మందిపై 2018లో వెలువడిన పరీక్షలో మూడు మందులను సగం మోతాదుల్లో ఒకే బిళ్లగా ఇస్తే ఆరు నెలలకు 70 శాతం మందికి బీపీ అదుపులోకి వచ్చింది, మామూలు వైద్యంలో 55 శాతం మందికే. ఎవరికి ఏది నప్పుతుందని వెతకకుండా అన్నిటినీ కొద్దికొద్దిగా ఇవ్వడమూ ఒక తెలివే.

కొలత ఒక్కటే చాలదని పశ్చిమ గోదావరి అనుభవం చెబుతుంది. 18 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల పరిధిలోని 54 గ్రామాల్లో ఆశా కార్యకర్తలకు ట్యాబ్‌లు ఇచ్చి, ఇంటింటికీ వెళ్లి బీపీ చూసి, ప్రమాదం ఉన్నవారిని గుర్తించి డాక్టరు దగ్గరికి పంపే ఏర్పాటు చేశారు. ఆశాలు ఆ పని చక్కగా చేశారు. 2019లో ఫలితం లెక్కిస్తే బీపీ అదుపులో ఉన్నవారు 41 శాతం, ఆ ఏర్పాటు లేని చోట 39 శాతం. తేడా లేనట్టే. అంకె ట్యాబ్‌లోకి ఎక్కింది గానీ, ఆ అంకెను చూసి మందు పెంచడం, ఆ మందు ఆగకుండా అందడం జరగలేదు.

ఇంట్లో మంచి డిజిటల్ యంత్రం ఉన్నవారు, లేదా ఊరి ఆరోగ్య కేంద్రంలో ఏఎన్ఎం దగ్గర రోజూ చూపించుకోగలిగినవారు తమ మందు పనిని తామే తేల్చుకోవచ్చు. కొత్త మందు మొదలుపెట్టే ముందు వారం రోజులు ఉదయం బిళ్ల వేసుకోకముందు రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు కొలిచి తేదీతో రాసుకోవాలి. మొదటి రోజు అంకెలు వదిలేసి మిగతావాటి సగటు తీయాలి. మందు మొదలుపెట్టిన నాలుగు వారాలకు అలాగే మరో వారం కొలవాలి. ఆమ్లోడిపిన్ లాంటివి పూర్తి బలం చూపడానికి రెండు మూడు వారాలైనా పడుతుంది గనుక మూడో రోజునే తీర్పు చెప్పకూడదు. రెండు సగటుల మధ్య తేడా ఎనిమిది, పది ఉంటే బిళ్ల తన పని తాను చేస్తోంది. ఇంకా ఎక్కువ తగ్గాలంటే రెండో మందు కావాలి. తేడా రెండు మూడే ఉంటే ఉప్పు, నొప్పుల బిళ్లలు, మరిచిన పూటలు చూసుకున్నాకే మందు మార్చే మాట. ఆ కాగితం ఉంటే గూడూరు వెళ్లినా నెల్లూరు వెళ్లినా డాక్టరుకు ఆ పూట కొలిచిన ఒక్క అంకె కంటే ఎక్కువ తెలుస్తుంది.

పై అంకె 180 లేదా కింది అంకె 120 దాటి, దానితోపాటు ఛాతీనొప్పి, ఆయాసం, మూతి వంకర, మాట తడబాటు, ఒక పక్క చెయ్యి కాలు పట్టు తప్పడం, చూపు మసకబారడం లాంటిది ఏదైనా కనిపిస్తే సగటులు తీస్తూ కూర్చోకూడదు. ఇంట్లో ఉన్న బిళ్ల ఇంకొకటి వేసి చూద్దామని ఆగకుండా వెంటనే 108కి ఫోన్ చేయాలి.